తమ్ముడి చూపుడు వేలు

2025 ఏప్రిల్ 21, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఒక్కటే. ఆ నిమిషంలో మా తమ్ముడు ఫోనులో నాతోనే మాట్లాడుతున్నాడు.

నేను సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. మా తమ్ముడు మా ఇంటి పాత పనిలోనే ఉన్నాడు. తుంగతుర్తి వైపు ఉన్న మా ఊళ్ళో వాడికి నూట నలభై గొర్రెలు. యాసంగి వరి కోతలు కాగానే వాడూ వాడి భార్యా మందను తోలుకొని మిర్యాలగూడ ఆయకట్టుకు దిగుతారు. పగలు కోసిన మళ్ళలో మేపి, చీకటి పడ్డాక రైతు చూపిన మడిలో మందను నిలుపుతారు. పెంట రైతు పొలానికి, మేత గొర్రెలకు. అక్కడ గడ్డి అయిపోయాక కోదాడ వైపు కదులుతారు. ఏటా ఇదే వరుస.

ఆ ఏప్రిల్‌లో పదకొండు గొర్రెలకు మూతి పుండ్లు వచ్చాయి. పెదవుల మీద పొక్కులు లేచి, గట్టిపడి, మేయలేకపోయేవి. తమ్ముడు ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, ఒక గొర్రె నోరు తెరిచి, నూనెలో కలిపిన పసుపు పూస్తున్నాడు. మాట మధ్యలో "అబ్బ!" అన్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా, దవడ పన్ను గీసుకపోయింది. మందు పూస్తుంటే కూడ పగ వడ్తున్నయి గొర్లు."

"సబ్బుతోని కడుక్కో."

"గీడ సబ్బెక్కడిదక్కా? కాలువ నీళ్ళున్నయి సాలు."

కుడిచేతి చూపుడు వేలు అని అడిగి తెలుసుకున్నాను. అడగడం నా అలవాటు, అంతకు మించి ఆ రోజు ఏమీ అనుకోలేదు.

శుక్రవారం వేలు వాచిందని, ఆదివారానికి తగ్గిందని మరదలు ఫోనులో చెప్పింది. తగ్గిన వాపును చూడడానికి ఎవరూ బస్సెక్కరు. అయినా ఆమె చెప్పిన తీరు నాకు నచ్చలేదు. 28వ తేదీ సోమవారం మిల్లుకు సెలవు పెట్టి మిర్యాలగూడ వెళ్ళాను. బస్టాండు నుంచి ఆటోలో, ఆటో దిగాక గట్ల మీద నడిచి, పదిన్నరకు మంద దగ్గరికి చేరాను. నలభై మూడు డిగ్రీల ఎండ. గోరు పక్కన శనగ గింజంత గుండ్రని పుండు ఉంది. నడుమ తెల్లగా, అంచు ఎర్రగా ఉంది. కింద నొక్కితే కొద్దిగా చీము వచ్చింది.

"దవాఖానకు పోదాం నడువు."

"జర ఆగక్కా. ఇయ్యాల మంద ఇంకో మడికి మారాలె."

"వేలు పోతే మళ్ళ మొలుస్తదా?"

"పోతే నువ్వున్నవ్ గదా, తొమ్మిదని రాస్కుంటవ్."

మరదలు నవ్వలేదు. గొర్రెలను తాను చూసుకుంటానని చెప్పి వాడిని నాతో పంపింది.

మిర్యాలగూడలో మేము వెళ్ళిన సర్జన్‌కు అరవై ఏళ్ళుంటాయి. నెమ్మది మనిషి. వేలిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు, గొర్రెలకు మూతి పుండ్లు ఉన్నాయా అని కూడా అడిగాడు. తరువాత, "ఎవరికైనా చూపించావా? ఏమైనా మందులు వాడావా?" అన్నాడు.

"ఎవ్వలకు సూపియ్యలే సార్. పసుపు వెట్టిన గంతే."

నేను పక్కనే ఉన్నాను. ఆ జవాబును నేనూ నమ్మాను.

"చీములో ఏముందో ఊహించి మందు రాయడం నాకిష్టం లేదు. పెంచి చూడాలి," అన్నాడు డాక్టరు. దూది చుట్టిన పుల్లతో చీము తీసి, జావ వంటి పదార్థమున్న గొట్టంలో పెట్టి మూత బిగించాడు. కల్చర్ పరీక్ష చేసే ల్యాబు ఆయనకు తెలిసినది సూర్యాపేటలో ఉంది. నేను అక్కడికే వెళ్తున్నాను కనుక గొట్టం నా చేతికే ఇచ్చాడు. ఎండ తగలకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, సాయంత్రంలోపు చేరాలి. ఫలితం వచ్చే దాకా జాగ్రత్త కోసం వేసుకోమని తమ్ముడికి మాత్రలు రాశాడు. బస్సులో గొట్టాన్ని అన్నం డబ్బా ఉన్న సంచిలో వేయడానికి మనసొప్పలేదు. సూర్యాపేట దాకా కొంగు చుట్టి చేతిలోనే పట్టుకున్నాను.

ల్యాబులోని మైక్రోబయాలజిస్టు నా కంటే పదేళ్ళు చిన్నది. అడిగితే విసుక్కోకుండా చెప్పే మనిషి. అరచేయంత గాజు పళ్ళెంలో ముదురు ఎరుపు రంగులో గడ్డకట్టిన పదార్థం చూపించింది. అది గొర్రె రక్తం కలిపిన ఆహారమట. మనిషిని బాధపెట్టే బ్యాక్టీరియాలో చాలా రకాలు దాని మీద బాగా పెరుగుతాయట. ఒక్క బ్యాక్టీరియా కంటికి కనబడదు. అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒంటి వేడిలో ఒక పగలూ రాత్రీ ఉంచితే ఆ ఒక్కదాని సంతానమే గుండుసూది తలంత చుక్కగా పైకి తేలుతుంది.

ఇంటికి వచ్చి ఆ లెక్క వేశాను. గంటకు మూడు చీలికలు, పది గంటలకు ముప్పై. ఒకటితో మొదలుపెట్టి ముప్పై సార్లు రెట్టింపు చేస్తే నూట ఏడు కోట్లు దాటింది. తప్పేమో అని మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

గొర్రె రక్తం సంగతి ఫోనులో చెబితే తమ్ముడు సంబరపడ్డాడు. "మన గొర్ల రక్తమేనా? ఇగ మంచిగ బలుస్తయి తియ్యి."

ఏమీ బలవలేదు. 30వ తేదీ బుధవారం, నలభై ఎనిమిది గంటలు నిండాక చూస్తే పళ్ళెం ఎంత నున్నగా పెట్టారో అంత నున్నగానే ఉంది. ఏ పెరుగుదలా లేదని రిపోర్టు ఇచ్చారు. దాన్ని డాక్టరుకు ఫోనులో పంపాను. సాయంత్రం ఆయనే మాట్లాడాడు.

ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. మూతి పుండ్లు వైరస్ వల్ల వస్తాయి. గొర్రె పన్ను గీరిన చోట అదే వైరస్ కాపరుల వేళ్ళకు అంటుకోవడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. బ్యాక్టీరియాకు తిండి పెడితే పళ్ళెంలోనూ బతుకుతుంది. వైరస్ అట్లా కాదు. బతికున్న కణంలో దూరితే తప్ప అది పెరగదు, అందుకే పళ్ళెం ఖాళీగా ఉంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా గోడనో, దాని లోపలి పనినో దెబ్బతీస్తుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ పనీ లేదు. కనుక మాత్రలు ఆపేయండి, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది, శుభ్రంగా కట్టు కట్టుకుంటే చాలు అన్నాడు.

"పనికిరాని చోట మందు వాడితే ఒంట్లో ఉన్న మిగతా బ్యాక్టీరియాకు దాన్ని తట్టుకోవడం నేర్పినట్లవుతుంది," అని కూడా అన్నాడు. తనకు తెలిసిన విషయాల మీద ఆయన వేసిన లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

మే 1న మంద కోదాడ దారి పట్టింది. నాలుగు రోజుల నడక. తమ్ముడు రోజూ బాగుందనే చెప్పాడు.

మే 5, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి వాడి ఫోను నుంచి కొత్త గొంతు పలికింది. కోదాడ దగ్గర వాళ్ళ మంద దిగిన పొలం రైతు. "అమ్మా, మీ తమ్ముడు ఇంత ఎండలో చలి చలి అని వణికిపోతున్నాడండీ. ఆ చెయ్యి చూస్తే నాకే భయమేస్తోంది. తొందరగా రండి."

కోదాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వేడి గాలి తప్ప మరేమీ రాలేదు. ఏదైనా ఆలోచించాలని కూర్చున్నాను కానీ ఏ ఆలోచనా రాలేదు. పొలం చేరేసరికి తమ్ముడు దుప్పటి కప్పుకొని వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. వేలు మొదలు నుంచి చివర దాకా ఒకే లావుగా ఉబ్బింది. కొద్దిగా వంగి ఆగిపోయింది. చాపబోతే కేక వేశాడు. కొన నల్లబడుతోంది. మణికట్టు నుంచి మోచేయి వైపు ఎర్రటి గీత పాకింది.

"గొర్లకు నీళ్ళు వెట్టినంక పోదామక్కా."

"రైతు పెడతడు. లే."

ఈసారి వాడు నవ్వుతూ అనలేదు. "అక్కా, గీ వేలు పోతే కష్టం. పిల్ల అడ్డం తిరిగితే లోపలికి పోయి కాలు సక్కగ జేసేది గీ వేలే."

ఆ మాట నిజం. ఈతల కాలంలో చుట్టుపక్కల మందల వాళ్ళు కూడా వాడిని పిలుచుకుపోతారు. రెండు వేళ్ళతో లోపల పిల్ల మోకాలిని పట్టి తిప్పి తీస్తాడు. బొటనవేలు పట్టుకు, చూపుడు వేలు తడిమి తెలుసుకోవడానికి. ఆ పని వాడికి మా నాన్న నేర్పాడు. నాకు నేర్పలేదు.

రైతు కారు పిలిపించి, మందకు మనిషిని పెట్టాడు. నేనూ తమ్ముడూ మరదలూ మిర్యాలగూడ వెళ్ళాం. డాక్టరు చూసిన వెంటనే వాడిని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయాడు. వేలిని వంచే స్నాయువు చుట్టూ ఉన్న తొడుగులోకి చీము దిగిందని, కోసి కడగాలని చెప్పాడు. నేనూ మరదలూ బయట బల్ల మీద కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతున్నది, గాలి రావడం లేదు. ఎప్పటినుంచి ఇట్లా ఉందో వరుసగా చెప్పమని ఆమెను అడిగాను.

"మొదాలు శుక్కురారం ఉబ్బింది వదినా. సూదులు ఏసుకున్నంక తగ్గె. మళ్ళ మొన్న నడుస్తుంటే లేసింది."

"ఏం సూదులు?"

ఆమె నా ముఖం చూసి కొంగు సవరించుకుంది. "గొర్లకేసేటియి. శుక్కురారం ఒకటి, శనారం ఒకటి. నేనే ఏసిన తొడకు."

"డాక్టరు అడిగితే ఏం వాడలేదన్నడు గదా!"

"దవాఖాన మందులు వాడలే గద వదినా. గది గొర్ల కోసం కొన్న సీస. గాయన మనిషి మందులు అడిగిండని అనుకున్నడు."

"నువ్వన్న నాతోని చెప్పాలె గదా."

"ఏటా ఏసుకుంటడు. ఎన్నడేం గాలే. సెప్పేంత సంగతని నాకేం ఎర్క?"

మా ఇంట్లో మా నాన్న కూడా అట్లాగే వేసుకునేవాడు. గొర్రెకు ఈతలో జ్వరం వచ్చినా, మనిషికి ముల్లు దిగి చీము పట్టినా అదే డబ్బా, అదే సూది. దాన్ని వైద్యమని ఎవరూ అనుకోలేదు. గొడ్డలి పదును పెట్టుకోవడం వంటిది.

డాక్టరు బయటికి రాగానే చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చేతి తొడుగులు తీసి మా బల్ల మీదే కూర్చున్నాడు.

"అందుకే పళ్ళెంలో ఏమీ మొలవలేదు," అన్నాడు. రెండు సూదుల మందు చీములో ఉండగా నమూనా తీశాము. పైపైన ఉన్న బ్యాక్టీరియాను అది చంపింది, లోతున ఉన్నదాన్ని అణచింది. ఖాళీ పళ్ళెం చూసి, బ్యాక్టీరియా లేదనుకున్నాము. సూది మందు ఒంట్లో అయిపోయాక మిగిలినది లేచింది. వైరస్ పుండు కూడా నిజమే. ఆ పుండులోంచే బ్యాక్టీరియా దిగింది. "గొర్రెలకు ఏం వేస్తావని నేను విడిగా అడగాల్సింది. ఈ వైపు పనిచేస్తూ అడగకపోవడం ఏమిటి," అని తనలో తాను అనుకున్నట్లు అన్నాడు.

ఈసారి నమూనా లోతు నుంచి తీశాడు. మళ్ళీ గొట్టం, మళ్ళీ సూర్యాపేట బస్సు. తమ్ముడికి నరంలోకి మందు మొదలుపెట్టి, మరదలిని అక్కడే ఉంచాము.

మంగళవారం సాయంత్రానికి ఎర్రటి పళ్ళెం మీద లేత పసుపు చుక్కలు వచ్చాయి. గుండ్రంగా, నున్నగా, చూడడానికి అందంగానే ఉన్నాయి. మనుషుల చర్మం మీదా ముక్కులోనూ, గొర్రెల ముక్కులోనూ ఉండే స్టెఫైలోకాకస్ అని మైక్రోబయాలజిస్టు చెప్పింది. చర్మం బాగున్నంత కాలం ఊరికే పడి ఉంటుందట. మరుసటి రోజు ఆమె ఇంకో పళ్ళెం చూపించింది. దాని నిండా అదే బ్యాక్టీరియాను పరిచి, మందు పట్టించిన ఎనిమిది చిన్న కాగితపు బిళ్ళలు పెట్టారు. ఏ మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ పెరుగుదల లేని వలయం ఏర్పడుతుంది. ఐదింటికి వలయాలున్నాయి. మూడింటికి లేవు. ఆ మూడింటినీ ఆనుకొని తెరలాగా పెరిగిపోయింది.

"అన్నిటికంటే పెద్ద వలయం ఉన్నదే మంచి మందా?" అని అడిగాను.

"కాదండీ. ఒక్కో మందుకు ఒక్కో కొలత ఉంటుంది. దాని కొలతతోనే దాన్ని చూడాలి. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు."

పనిచేయని మూడింటిలో ఒకటి తమ్ముడు ఏళ్ళ తరబడి గొర్రెలకు వేసిన పాత మందు జాతిది. ఇంకొకటి డాక్టరు మొదట రాసిన మాత్రల జాతి. ఈ ఏడాది కొత్తగా కొని, తొడకు వేయించుకున్న మందు జాతి మాత్రం పనిచేసే ఐదింటిలో ఉంది. ఆ మాట నేను వాడి ముందు చెప్పకుండా ఉండవలసింది. డాక్టరు రిపోర్టు చదువుతుంటే చేతికి కట్టుతో మంచం మీద ఉన్న తమ్ముడు లేచి కూర్చున్నాడు.

"సూసినవా అక్కా? నా సూదే మంచిది!"

"గొర్రె ముప్పై కిలోలు ఉంటుంది, నువ్వు అరవై రెండు," అన్నాడు డాక్టరు. "మనిషికి చేసిన మందు కాదది. అదీ రెండు వేసి వాపు తగ్గగానే ఆపావు. సగం చచ్చినదాన్ని వదిలిపెట్టావు."

"గొర్లకు గట్లనే తగ్గుతది సార్."

"తగ్గని గొర్రెను ఏం చేస్తావు?"

"అమ్ముకుంటం."

డాక్టరు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరదలు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. అప్పటికి నేను పది రోజుల్లో మూడు ఊళ్ళ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్క కూడా వేయడం మానేశాను.

మందు మార్చాక జ్వరం ఒక్క రోజులో దిగింది. ఎర్రగీత మాసిపోయింది. వేలి కొన మాత్రం బతకలేదు. మే 10, శనివారం ఉదయం చివరి కణుపు తీసేశారు. స్నాయువును కాపాడామని, చీములోని బ్యాక్టీరియా మొదట్లోనే దొరికి ఉంటే కణుపు కూడా మిగిలేదని డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఆ రోజంతా కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకొని, ఎడమ చేతి చూపుడు వేలిని వంచుతూ చాపుతూ కూర్చున్నాడు.

ఆ రాత్రి నుంచే పద్నాలుగు రోజుల మాత్రలు మొదలయ్యాయి, ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. ఐదో రోజున వాడు కోదాడ మందకు వెళ్ళిపోయాడు. పూటపూటకూ నేను ఫోను చేసేదాన్ని. మాత్ర నోట్లో వేసుకొని నీళ్ళు మింగిన చప్పుడు వినే దాకా ఫోను పెట్టేసేదాన్ని కాదు.

"బాగయిందక్కా. ఇగ ఆపుత. మిగిలినయి దాస్త, ఎవలకన్న అక్కెరకొస్తయి."

"దాచుడు లేదు. డాక్టరు చెప్పినన్ని వేసుకోవాలె."

"కట్టు కింద దురద తప్ప ఏం లేదంటున్న గదా."

"తెలుసు. వేసుకో."

ఎందుకో మొదట్లో వివరించాను. బాగున్నట్లు అనిపించడం, లోపల ఏమీ మిగలకపోవడం ఒకటి కాదని చెప్పాను. తరువాత తరువాత వివరించే ఓపిక పోయింది. వేసుకో అనడం ఒక్కటే మిగిలింది. 17వ తేదీ సాయంత్రం గాలివాన వచ్చి మంద చెదిరిపోయినప్పుడు మాత్రం వాడి మాత్ర ఐదు గంటలు ఆలస్యమైంది. చివరిది మే 24న ఉదయం ఎనిమిదింటికి వేసుకున్నాడు. 26న డాక్టరు వేలిని నొక్కి చూసి, ఇక రానక్కర లేదన్నాడు. ఇంటికి వచ్చి సాయంత్రం ఆరింటికే పడుకున్నాను.

అక్టోబరులో ఈతలు మొదలయ్యాయి. మొదటి అడ్డం పిల్లకు తమ్ముడు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని చెయ్యి పెట్టాడట. కొంతసేపు తడిమి, "నాకు తెలుస్తలేదు," అని చెయ్యి తీసేశాడట. మరదలు పెట్టింది. వాడు పక్కన కూర్చొని ఎటు తిప్పాలో చెప్పాడు. ఇది ఆమె ఫోనులో చెప్పిన సంగతి. వాడు నాతో చెప్పలేదు.

నవంబరు 30 నాటికి లెక్క ఇది.

పోయినవి: కుడిచేతి చూపుడు వేలి చివరి కణుపు, గోరుతో సహా. మిగిలిన వేలి వంపులో సగం. మూతి పుండ్లతో మేయలేక ఒక గొర్రె. నా సెలవుల్లో పదకొండు రోజులు. అడ్డం తిరిగిన మూడు పిల్లల్లో మొదటిది.

ఉన్నవి: వేలి రెండు కణుపులు. చెయ్యి. ఉన్ని కత్తిరించే కత్తెర పట్టే బలం. పాతవి నూట ముప్పై తొమ్మిది గొర్రెలు. మరదలు తీసిన తరువాతి రెండు పిల్లలు, రెండూ పొట్టేలు పిల్లలే.